సాఫ్ట్‌వేర్ చందా కూడా వీడియో ఖర్చే

సంపాదకులకు నమస్కారం.

నేను ఉద్యోగుల శిక్షణ వీడియోలు తయారుచేస్తాను. పని అప్పగించే సంస్థలు కెమెరా, లైట్లు, వాయిస్ ఓవర్ ఖర్చుకు వెంటనే ఒప్పుకుంటాయి. బిల్లులో సాఫ్ట్‌వేర్ చందా అని రాస్తే మాత్రం ‘అది మీ సొంత సామాను కదా’ అంటాయి. ‘క్రాక్ వెర్షన్ దొరుకుతుంది కదండీ’ అని మొహం మీదే అన్నవాళ్లూ ఉన్నారు. నిబంధనలు పాటించమని నేర్పే వీడియోను దొంగ సాఫ్ట్‌వేర్‌తో చేయమనడం నాకు మింగుడుపడదు.

అసలు అది సొంత సామాను ఎలా అవుతుంది? ఒకప్పుడు ఒకసారి కొంటే ఆ వెర్షన్‌ను ఏళ్ల తరబడి వాడుకునేవాళ్లం. 2013లో అడోబీ కంపెనీ, వీడియోలు ఎడిట్ చేసే ప్రీమియర్, కదిలే బొమ్మలు, అక్షరాలు చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లను చందా పద్ధతికి మార్చేసింది. కట్టినన్నాళ్లే పని. ఆపితే ప్రాజెక్టు ఫైలు, అంటే వీడియోలో మార్పులు చేయడానికి వీలుండే అసలు ఫైలు, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది గానీ తెరవలేం.

మంటలార్పే సిలిండర్ వాడకం మీద ఒక వీడియో చేశాను. పిన్ లాగి, నాజిల్‌ను మంట అడుగుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. తెర మీద ‘మంట అడుగుకు’ అని పడాల్సిన చోట ‘మంట పైకి’ అని పడింది. తప్పు నాదే. రెండేళ్ల తర్వాత ఒక శిక్షకుడు గమనించి ఫోన్ చేశారు. ఈలోపు ఎంతమంది అది చూసి నేర్చుకున్నారో తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికి చందా ఆపేశాను. పూర్తయిన వీడియోలో అక్షరాలు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి. వాటి మీద పట్టీ వేస్తే పిడి పట్టుకున్న చెయ్యే కనిపించదు. ఆ ఒక్క మాట కోసం మళ్లీ చందా కట్టాను. సంస్థ ఇవ్వలేదు.

ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. నేను గొంతు రికార్డింగ్‌ను ఆడాసిటీలోనే శుభ్రం చేస్తాను. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్, వీడియోలు ఎడిట్ చేసే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో చాలా పని అవుతుంది. కానీ సంస్థ తన పాత ప్రీమియర్ ప్రాజెక్టు చేతికిచ్చి అందులోనే మార్చమంటే ఇవి అక్కరకు రావు.

శిక్షణ వీడియోకు దిద్దుబాట్లు తప్పవు. యంత్రం మారుతుంది, నియమం మారుతుంది. అందుకే ప్రాజెక్టు ఫైళ్లు ఎవరి దగ్గర ఉండాలి, ఎన్నేళ్లు దిద్దిపెట్టాలి, అన్నాళ్ల చందా ఎవరు కట్టాలి అన్నది పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసివ్వాలని సంస్థలను కోరుతున్నాను.

– ఒక వీడియో ఎడిటర్