మన ఆకాశంలోని ఎలక్ట్రాన్ల లెక్క

ప్రియమైన రఘూ,

మన ప్రాంతపు అయనావరణానికి, అంటే సూర్యకాంతికి ఎలక్ట్రాన్లు విడివడి ఉండే పై వాతావరణానికి, నమూనా తయారుచేయాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. జీపీఎస్ ఉపగ్రహం 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్‌ల మీద పంపే సంకేతాలలో, దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల రెండోది ఎక్కువ ఆలస్యమవుతుందనీ, ఆ తేడా నుంచే ఎలక్ట్రాన్ల మొత్తాన్ని లెక్కగడతామనీ నీకు తెలుసు. చదరపు మీటరుకు ఒకటి పక్కన 16 సున్నాలన్ని ఎలక్ట్రాన్లు ఒక టెక్ (దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క) యూనిట్. అంతమాత్రానికే మొదటి సంకేతం చెప్పే దూరం 16 సెంటీమీటర్లు తప్పుతుంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో మధ్యాహ్నం పూట మన దేశం మీద ఎలక్ట్రాన్ల మొత్తం 100 యూనిట్లు కూడా దాటుతుంది, అంటే 16 మీటర్ల తప్పు! ఉపగ్రహంలోనూ రిసీవర్‌లోనూ ఉండే పరికర దోషాలను మాత్రం ముందే తీసివెయ్యి.

అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. ఉపగ్రహం వైపు వాలిన దారి వెంట తీసిన ఏటవాలు కొలతను నేరుగా పైకి ఉండే నిలువు కొలతగా మార్చడానికి ఎలక్ట్రాన్లన్నీ 350 కిలోమీటర్ల ఎత్తున ఒకే పలుచని పొరలో ఉన్నాయని అనుకుంటాం. మధ్య అక్షాంశాలలో ఈ ఊహతో పని జరుగుతుంది. మనకు అలా కాదు. కేరళలోని తుంబా దగ్గరగా పోయే అయస్కాంత మధ్యరేఖ (భూమి అయస్కాంత బలరేఖలు నేలకు సమాంతరంగా ఉండే రేఖ) మీద పగటి విద్యుత్ క్షేత్రం ప్లాస్మాను, అంటే ఆ ఎలక్ట్రాన్లు, అయాన్ల మిశ్రమాన్ని, పైకి లేపుతుంది. అది అయస్కాంత బలరేఖల వెంట కిందికి జారి, ఇరువైపులా 15 డిగ్రీల ప్రాంతంలో, ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్‌ల చుట్టుపక్కల, గుట్టగా పోగుపడుతుంది. హైదరాబాద్, విశాఖపట్నం ఆ గుట్ట ఎక్కే వాలులో ఉన్నాయి కాబట్టి, ఉత్తరానికి వాలిన ఉపగ్రహమూ దక్షిణానికి వాలిన ఉపగ్రహమూ ఒకే క్షణంలో రెండు వేరువేరు ఆకాశాలను చూపిస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.వి.ఎస్. రామారావు బృందం 2006లో దీనినే పరిశీలించి, ఉపగ్రహం దిగంతం నుంచి 50 డిగ్రీలకు పైన ఉన్నప్పుడే మన ప్రాంతంలో 350 కిలోమీటర్ల ఊహ చెల్లుతుందని తేల్చింది. నా దృష్టిలో నీ పనికి పునాది ఇదే. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన, విమానాల కోసం జీపీఎస్ తప్పులను సరిదిద్దే గగన్ వ్యవస్థకు కూడా ఒకే పొర చాలక, అనేక పొరల నమూనాను ప్రత్యేకంగా రూపొందించుకోవలసి వచ్చింది.

అందువల్ల తక్కువ కోణాల కొలతలను పై కొలతలతో కలిపి సగటు తీయకు. మార్చి, సెప్టెంబరు నెలల సాయంత్రాలను కూడా విడిగా ఉంచు. పొద్దుగుంకాక లేచే ప్లాస్మా బుడగల (ఎలక్ట్రాన్లు బాగా తక్కువగా ఉండే ఖాళీల) వల్ల సంకేతమే తెగిపోతూ ఉంటుంది, ఏ నునుపైన నమూనాకూ అవి లొంగవు. ముందుగా పగటి దత్తాంశంతో రెండు పొరల నమూనా ప్రయత్నించి, వచ్చిన పటాలు పంపు.

నీ
శ్రీనివాస్