ఈ ఏడాది ఆవకాయ ఎందుకు తగ్గింది, యూపీఐ స్కానర్ ఎందుకు ఉంచుతున్నాము

ఏటా మా దుకాణం నుంచే ఆవకాయ, మాగాయ తీసుకునే వారందరికీ రాజమహేంద్రవరం నుంచి నమస్కారం.

ఈ వేసవిలో మీరు ముందుగా చెప్పి ఉంచుకున్న ఆవకాయలో సగానికి పైగా మేము పెట్టలేకపోయాము. కాయ కాయకపోవడం వల్ల కాదు, పనివాళ్లు దొరకకపోవడం వల్ల కూడా కాదు. సరిగ్గా సీజన్ నడిమధ్యలో మా బ్యాంకు ఖాతాను ఒక సైబర్ నేరం ఫిర్యాదు కింద ఆపేశారు. ఈ సంగతి మా నోటి నుంచి మీకు చేరకముందే ఊళ్లో రకరకాలుగా పాకింది. "పోలీసులు వాళ్ల ఖాతా సీజ్ చేశారట" అన్న మాట మా వీధిలోనే నా చెవిన పడింది. మా అత్తగారు ఇంటి అరుగు మీద రెండు జాడీలతో మొదలుపెట్టిన ఈ వ్యాపారం మీద ఇటువంటి మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. అందుకే జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

నిరుడు చలికాలంలో ఒకరు ఫోన్ చేసి, బెంగళూరు చిరునామాకు మాగాయ, గోంగూర పచ్చడి, కందిపొడి పంపమన్నారు. కొరియర్ ఖర్చుతో కలిపి రూ. 2,160 అయింది. డబ్బు యూపీఐ ద్వారా వచ్చింది, పార్శిల్ వెళ్లింది, చేరినట్లు రసీదు కూడా మా దగ్గర ఉంది. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఒక పెద్దాయనను మోసం చేసి కాజేసిన సొమ్ములో భాగమని మాకు మే నెలలో, అదీ మామిడికాయల వర్తకుడికి పంపిన సొమ్ము వెళ్లకపోవడంతో బ్యాంకుకు పరుగెత్తిన తరువాత తెలిసింది. కౌంటరులో "సైబర్ సెల్ నుంచి హోల్డ్ వచ్చిందండీ" అన్నారు తప్ప, ఎంత మొత్తానికి, ఎవరి ఫిర్యాదు మీద అని అడిగితే జవాబు లేదు. చాలాసేపు నిలబడ్డాక, చిన్న చీటీ మీద ఒక ఫిర్యాదు సంఖ్య, ఎప్పుడూ పేరు వినని ఒక సైబర్ పోలీసు స్టేషన్ ఈమెయిల్ చిరునామా రాసి ఇచ్చారు. మా సీజన్ పెట్టుబడి మొత్తం ఆ చీటీ వెనకాల ఇరుక్కుపోయింది.

ఇది ఎలా జరుగుతుందో ఆ తరువాత తెలుసుకున్నాను. మోసపోయినవారు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేసినా, కేంద్ర హోం శాఖ నడిపే సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేసినా, వారి డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లింది, అక్కడి నుంచి ఏ ఖాతాలకు చీలింది అన్నది బ్యాంకు నుంచి బ్యాంకుకు గొలుసులా వెదుక్కుంటూ వెళతారు. దొంగ ఆ సొమ్ముతో పచ్చడి కొంటే గొలుసు చివర పచ్చళ్ల దుకాణం తేలుతుంది. ఈ ఏర్పాటు 2021 నుంచి ఉంది. దీనివల్ల ఎందరి కష్టార్జితమో దొంగల చేతికి పూర్తిగా చిక్కకుండా ఆగింది కనుక, ఇది ఉండకూడదని నేను అనను. దొంగ ఖాతాను, దొంగకు సరుకు అమ్మిన వారి ఖాతాను ఒకే తీరున చూడటం, రూ. 2,160 గురించి ఫిర్యాదు వస్తే ఖాతాలో ఉన్న లక్షలన్నీ కదలకుండా బిగించడం మాత్రం అన్యాయమని అంటాను.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఎన్నోసార్లు ప్రయత్నించాక ఆ స్టేషన్‌లో ఒక అధికారి ఫోన్‌లో దొరికారు. మర్యాదగానే మాట్లాడారు. ఆ రూ. 2,160 ఫిర్యాదుదారు ఖాతాకు పంపించి రసీదు మెయిల్ చేస్తే బ్యాంకుకు నిరభ్యంతర పత్రం ఇస్తామని, త్వరలోనే ఖాతా తెరుచుకుంటుందని చెప్పారు. ఇంట్లో అందరూ పంపేయమన్నారు. మా అబ్బాయి అయితే, రెండు వేల కోసం సీజనంతా పోగొట్టుకుంటామా అమ్మా అని గట్టిగానే అడిగాడు. లెక్క ప్రకారం వాడి మాట కాదనడానికి లేదు. పైగా డబ్బు పోగొట్టుకున్న ఆ పెద్దాయన పింఛను మీద బతికేవారని ఆ అధికారే చెప్పారు. ఆయన పరిస్థితి తలుచుకుంటే నాకు నిజంగానే మనసు కలుక్కుమంది. ఎవరైనా వచ్చి కష్టంలో ఉన్నామని అడిగితే అంతకు రెట్టింపు ఇచ్చిన రోజులు మా ఇంట్లో ఉన్నాయి.

అయినా పంపలేదు. ఆ సొమ్ము మేము సరుకు ఇచ్చి తీసుకున్న వెల. దానిని ఖాతా విడిపించుకోవడానికి తిరిగి కడితే, కాగితం మీద అది పరిహారమవుతుంది, మేము కూడా ఆ మోసంలో ఒక చెయ్యి వేసినవాళ్లమవుతాము. రేపు ఇంకొక పార్శిల్ మీద ఇంకొక రాష్ట్రం నుంచి ఫిర్యాదు వస్తే అప్పుడూ కట్టాలి. కట్టగలిగినవాళ్లు గప్‌చుప్‌గా కట్టేస్తూ పోతే, కోర్టు తేల్చవలసిన విషయం ఫోన్ మీద తేలిపోవడమే ఆనవాయితీ అవుతుంది. అందుచేత, వివాదంలో ఉన్న రూ. 2,160 కోర్టు తేల్చేవరకు మా ఖాతాలోనే ఆపి ఉంచండి, ఆ పెద్దాయనకు ఇవ్వమని కోర్టు అంటే ఆ రోజే ఇస్తాము, మిగిలినది వదలండి అని బిల్లు, కొరియర్ రసీదు, జీఎస్టీ నమోదు పత్రం జతచేసి రాశాము. ఆ జవాబు కోసం చూస్తూండగానే సీజన్ చేయి జారింది. దీనిని మొండితనం అన్నవారు ఉన్నారు. అననివ్వండి. మళ్లీ ఇదే పరిస్థితి వస్తే నేను మళ్లీ ఇలాగే చేస్తాను.

మా న్యాయవాది గారు చెప్పగా నాకు అర్థమైనంత చట్టం ఇది. నేరంతో సంబంధం ఉందని అనుమానించిన ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు పాత నేర విచారణ స్మృతి 102వ సెక్షన్‌లో ఉండేది. బ్యాంకు ఖాతా కూడా ఆ ఆస్తి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1999లో తీర్పు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే అధికారం 106వ సెక్షన్‌గా ఉంది. స్వాధీనం చేసుకున్న సంగతిని వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. నేరం వల్ల వచ్చిన సొమ్మును జప్తు చేసి బాధితులకు పంచడానికి పక్కనే 107వ సెక్షన్ ఉంది, అది కోర్టు ద్వారా, నోటీసు ఇచ్చి నడవవలసిన వ్యవహారం. ఫిర్యాదులో చెప్పిన మొత్తానికే ఆంక్షను పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులను ఆదేశించింది. రూ. 105 జమ అయిన పాపానికి ఖాతా మొత్తం ఆగిపోయిన ఒక చిరువ్యాపారికి ఢిల్లీ హైకోర్టు ఊరట ఇచ్చింది. నూట అయిదు రూపాయల కోసం ఒక మనిషి హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చిందంటే, ఆ మెట్లెక్కలేనివారి గతి ఏమిటో మన ప్రజాప్రతినిధులు ఆలోచించాలి. డిజిటల్ చెల్లింపుల గురించి గర్వంగా మాట్లాడే నాయకులు అన్ని పార్టీలలోనూ ఉన్నారు. ఆపిన ఖాతాదారుకు వెంటనే లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి, ఇన్ని రోజులలో తేల్చాలి అని చట్టంలోనే గడువు పెట్టించే పనిని వారు తలకెత్తుకోవాలని ఒక ఓటరుగా అడుగుతున్నాను.

ఇక కాయల సంగతి. ఖాతా ఆగిన నాడే మాకు ఏళ్ల తరబడి కాయ ఇచ్చే కమీషన్ వ్యాపారికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్లు చెప్పి, కొద్ది రోజులు అరువు అడిగాను. "మీకు ఇవ్వకపోతే ఎవరికి ఇస్తానమ్మా, కాయ మీ పేరునే ఉంటుంది" అన్నారు. ఆ మాట మీద, ఆవపిండి కొట్టించాను, గుంటూరు కారం తెప్పించాను, కాయ కొట్టే ఆడవాళ్లకు కబురు పంపాను. తెల్లవారి చూస్తే కాయ లేదు. రాత్రికి రాత్రే వేరొకరికి, రొక్కం ఇచ్చినవారికి, తోలేశారు. మా అత్తగారి కాలంలో ఒక ఏడాది వారికి మార్కెట్లో కాయ అమ్ముడుపోక నిలిచిపోతే, మాకు అవసరం లేకపోయినా తీసుకుని మాగాయ పెట్టాము. ఖాతా తెరవని బ్యాంకు మీద కంటే ఆ మాట తప్పిన మనిషి మీదే నాకు ఇప్పటికీ ఎక్కువ బాధగా ఉంది. వ్యాపారంలో రొక్కానికి విలువ ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ ఇవ్వలేనని ఆ రాత్రే ఒక్క ఫోన్ చేసి ఉంటే నేను నూజివీడు వైపు మనిషిని పంపి ఉండేదాన్ని. వచ్చే ఏడాది నుంచి వారి దగ్గర కాయ కొనము.

చేబదులు తెచ్చి కొంత కాయ కొన్నాము. ఈలోగా వానలు ముందే వచ్చేశాయి, నైరుతి రుతుపవనాలు 2025లో మే 24నే కేరళను తాకిన సంగతి మీకు తెలుసు. ఆవకాయకు టెంక ముదిరి, పులుపు తగ్గని కాయ కావాలి. కత్తి పడగానే టెంక చీలి, ప్రతి ముక్కకూ టెంక అంచు అంటిపెట్టుకుని ఉండాలి, అప్పుడే ఆ ముక్క ఏడాది పాటు మెత్తబడకుండా నిలుస్తుంది. వాన నీరు పట్టిన కాయను కొట్టి చూస్తే లోపల పసుపు తిరిగి, వేలితో నొక్కితే దిగిపోతోంది. అటువంటి కాయతో పెట్టి ఇవ్వమని కొందరు అడిగారు, పేరుకు ఆవకాయ అయితే చాలన్నారు. మేము పెట్టలేదు. ఉన్న మంచి కాయతో పెట్టినది ఎవరు ముందు చెప్పారో వారికి వరుసగా ఇచ్చాము.

ఆ రూ. 2,160 తప్ప మిగిలిన ఖాతా తెరుచుకున్నాక స్కానర్ తీసేయాలా అన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. 2025 జులైలో బెంగళూరులో చిరువ్యాపారులకు యూపీఐ లెక్కల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు, అక్కడ చాలా దుకాణాలలో స్కానర్లు తీసి నగదు మాత్రమే అని బోర్డులు పెట్టారు. మేము పన్ను కడుతున్నాము కనుక మాకు ఆ భయం లేదు. మా భయం వేరు. వచ్చే ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే దారి అమ్మేవారికి లేదు. నగదుకు ఆ తంటా లేదు. కానీ 2016లో నోట్ల రద్దు తరువాత రోజుల్లో చిల్లర కోసం మీరూ మేమూ పడిన పాట్లు నాకు గుర్తున్నాయి. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి పిల్లల కోసం పార్శిళ్లు చెప్పే అమ్మలు మనియార్డరు చేయలేరు. ఎవరో దొంగ మా దగ్గర పచ్చడి కొన్నాడని, మీ అందరికీ సదుపాయంగా ఉన్నదాన్ని తీసివేయడం నాకు ఇష్టం లేదు. స్కానర్ ఉంటుంది. అయితే అది ఇకపై వేరే కరెంటు ఖాతాకు కలిపి ఉంటుంది, ఏ సాయంత్రం వచ్చినది ఆ మర్నాడే అసలు ఖాతాకు మార్చేస్తాము. ఎవరు ఫోన్ మీద ఆర్డరు చెప్పినా, డబ్బు వారి సొంత పేరున్న ఖాతా నుంచే రావాలి, పేరు కలవకపోతే సరుకు పంపము. ఈ నియమం మా పాత వాళ్లకు కూడా వర్తిస్తుంది, దయచేసి నొచ్చుకోకండి.

ముందుగా డబ్బు ఇచ్చి ఆవకాయ అందని వారందరికీ పూర్తి మొత్తం ఆగస్టు నెలాఖరులోగా తిరిగి ఇస్తాము. దానికి బదులు మాగాయ, గోంగూర తీసుకుంటామన్నవారికి పాత ధరకే ఇస్తాము. పొడులు, వడియాలు, అప్పడాలు యథాప్రకారం దొరుకుతాయి. ఆ రూ. 2,160 మీద హోల్డ్ మాత్రం ఇంకా అలాగే ఉంది. దాని గురించి మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేశాము, ఉత్తర్వు రాగానే దాని నకలు దుకాణంలో కౌంటరు పక్కన అంటిస్తాము.