మామునూరులో చిన్న విమానాలకూ ఒక షెడ్డు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలన్నీ చదువుతున్నాను. 2025 ఫిబ్రవరిలో దీనికి కేంద్రం ఒప్పుకున్నప్పటి నుంచి భూసేకరణ, పరిహారం, రన్‌వే పొడవు, ఏ ఊరికి సర్వీసు వేస్తారన్నదే చర్చ. ఉన్న 696 ఎకరాలకు మరో 253 ఎకరాలు కలుపుతున్నారు. ఇంత జాగాలో ఒకటి రెండు ఎకరాలు చిన్న విమానాలకు కేటాయించాలని మాత్రం ఎవరూ అడగడం లేదు. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఈ సంగతి నేనే రాస్తున్నాను.

చిన్న విమానాలంటే ఒకరిద్దరు కూర్చునే మైక్రోలైట్లు, కిట్ విమానాలు. కిట్ అంటే విడిభాగాలు పెట్టెల్లో వస్తాయి, కొన్నవాళ్లే కూర్చుని బిగించుకుంటారు. అమెరికాలో వ్యాన్స్ కంపెనీ కిట్లతో కట్టినవే 11 వేలకు పైగా ఎగిరాయి. మన బెంగళూరులో రాజహంస సంస్థ చేసిన ఎక్స్-ఎయిర్ మైక్రోలైట్లు విదేశాలకు కూడా వెళ్లాయి. అంటే ఇది మనకు చేతకాని పనేమీ కాదు.

మా బంధువుల అబ్బాయి, అతని స్నేహితుడు కలిసి ఈ మధ్య ఒక పాత రెండు సీట్ల మైక్రోలైట్ కొన్నారు. పెట్టుకోవడానికి చోటు లేక పరకాల వైపు ఖాళీగా ఉన్న ఒక కోళ్ల షెడ్డులో ఉంచారు. 'పెద్దబాపూ, ఒక్కసారి వచ్చి చూడు' అంటే వెళ్లాను. రెక్కల మీది గుడ్డ ఎండకు చివికిపోయి ఉంది. గాలిలో విమానం వేగం చూపించే మీటరుకు ముందు ఒక సన్నని గొట్టం ఉంటుంది, దాన్ని పిటో ట్యూబ్ అంటారు. అందులో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టింది. చూసుకోకుండా పైకి లేపితే మీటరు తప్పుడు వేగం చూపిస్తుంది, దాన్ని నమ్మి దిగేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. పక్కనే ఒక కవరు నిండా కొత్త బోల్టులు. హార్డ్‌వేర్ షాపులో తెచ్చారట. సైజు సరిగ్గానే ఉంది. కానీ విమానం బోల్టు తల మీద గుర్తు ఉంటుంది, తుప్పు పట్టకుండా కాడ్మియం పూత ఉంటుంది, అది ఎక్కడ తయారైందో చెప్పే కాగితం వెంట వస్తుంది. ఆ కవరు పక్కన పెట్టించి, ఒక్కటి కూడా వాడవద్దని చెప్పాను.

అంతకన్నా బాధ కలిగించింది ఇంజిన్ లాగ్‌బుక్, అంటే అది ఎన్ని గంటలు తిరిగిందో, ఎప్పుడు ఏం మార్చారో రాసే పుస్తకం, లేకపోవడం. అమ్మినతను తర్వాత పంపిస్తానని డబ్బు తీసుకున్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. అందులో ఉన్నది రోటాక్స్ 912 ఇంజిన్. 2,000 గంటలు తిరిగినా, 15 ఏళ్లు నిండినా దాన్ని పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయించాలి. రబ్బరు గొట్టాలు ఐదేళ్లకోసారి మార్చాలి. పుస్తకం లేకపోతే ఇవన్నీ ఎవరు చెప్పాలి? పాత విమానం కొనేవాళ్లు ముందు లాగ్‌బుక్కులు చూడాలి, విమానాన్ని ఆ తర్వాత చూడాలి.

పెట్రోలుదీ పెద్ద టెన్షనే. ఈ ఇంజిన్ మామూలు పెట్రోలుతో నడుస్తుంది కానీ ఇథనాల్ 10 శాతం దాటకూడదని తయారీదారే చెప్పాడు. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం కలిపింది. ఇక మిగిలింది ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల ఇంజిన్ల కోసం చేసే పెట్రోలు. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దాన్ని దేశంలోనే తయారు చేస్తోంది, కానీ మన వైపు ఎక్కడ దొరుకుతుంది? దొరికినా అందులో సీసం ఉంటుంది కాబట్టి 25 గంటలకే ఆయిల్ మార్చాలి.

ఈ పిల్లలను నేను తప్పు పట్టను. అడిగి తెలుసుకోవడానికి మనిషి లేడు, పని చేసుకోవడానికి చోటు లేదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తన డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2017లో రిజిస్ట్రేషన్ అయితే ఎగరడానికి అనుమతి 2019లో వచ్చింది. విమానాల మధ్యే బతికిన పైలట్‌కే అన్నేళ్లు పడితే పరకాల కుర్రాళ్ల సంగతేమిటి? ఇంగ్లండ్‌లో అయితే లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు కిట్ కట్టే దశలోనే వచ్చి చూసి సంతకం పెడతారు. మనకు అలాంటి ఏర్పాటు ఉంటే ఆ మట్టి గూడు, ఆ బోల్టులు మొదటి వారంలోనే బయటపడేవి.

అందుకే మామునూరులో ఒక షెడ్డు కావాలి. అక్కడ లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు ఒకరుండాలి, ఏవ్‌గ్యాస్ దొరకాలి. విడిభాగాలు తెప్పించుకునేవాళ్లకు కాగితాల పనిలో సాయం చేసే మనిషి ఉండాలి. విమాన విడిభాగాల దిగుమతిపై ఐజీఎస్టీని 2024 జులైలో షరతులతో ఒకే 5 శాతానికి తెచ్చారు. ఆ మేలు పెద్ద మరమ్మతు కంపెనీల దగ్గరే ఆగిపోకుండా చిన్నవాళ్లకూ అందాలి. ఎన్ఐటీ విద్యార్థులు, ఐటీఐ పిల్లలు అక్కడే రివెట్ కొట్టడం నేర్చుకోవచ్చు. విమానాశ్రయం కోసం భూములిస్తున్న రైతుల పిల్లలకు ఇందులో మొదటి అవకాశం ఇవ్వాలి. ఆ ఇళ్లలో ఒకరిద్దరికైనా టెర్మినల్‌లో ఊడ్చే పని కాకుండా చేతి విద్య దక్కాలని నా కోరిక.

భద్రత మాటేమిటని కొందరు అడుగుతారు. విమానం ఎవరికీ తెలియని కోళ్ల షెడ్డులో ఉండడం కన్నా గేటు, కెమెరా, రిజిస్టరు ఉన్నచోట ఉండడమే భద్రం.

మోటార్‌సైకిల్ ఇంజిన్‌తో విమానం చేసిన కుర్రాడని ఫొటో వేసి మెచ్చుకున్న వార్తలు పత్రికల్లో చూస్తుంటాను. ఆ తెలివికి నేనూ సంతోషిస్తాను. కానీ దాన్ని పరీక్షించింది ఎవరన్నది కూడా ఆ వార్తలో రాయండి. అలాగే మామునూరు ప్లానులో చిన్న విమానాలకు చోటు ఉందో లేదో మీ విలేకరి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీని అడిగి, వాళ్లిచ్చిన జవాబు ప్రచురించాలని కోరుతున్నాను. లేఅవుట్ ఖరారయ్యాక అడిగితే జాగా లేదంటారు.

ఇట్లు,
వాయుసేన విశ్రాంత టెక్నీషియన్,
హనుమకొండ