ముక్కు, గొంతు స్కోపీ శిబిరానికి సాయపడిన చిత్తూరు వాళ్లందరికీ కృతజ్ఞతలు

స్కోపు, అంటే ముక్కులోంచి గొంతు దాకా చూసే సన్నని కెమెరా గొట్టం, పట్టింది మా ఈఎన్‌టీ బృందమే గానీ, సగం పని మీరే చేశారు.

మొదటి దండం బడి గేటు దగ్గర టీ అంగడి అన్నకు. చేతిలో చీటీ ఉన్నవాళ్లను "గంటాగి రాపో, అప్పుడిస్తా" అని బేరం వదులుకుని మరీ తిప్పి పంపాడు. లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టాక గొంతు మొద్దుబారి ఉంటుంది. అప్పుడు గుక్కెడు నీళ్లు తాగినా ఊపిరి గొట్టంలోకి పోవచ్చు, వేడి టీకి నోరు కాలినా తెలీదు. మేం చెప్పినప్పుడు అందరూ తలూపుతారు, గేటు దాటితే టీ వాసనదే గెలుపు.

నగరి వైపు నుంచి వచ్చినవాళ్లకు తమిళంలో ధైర్యం చెప్పిన అక్కకు ఎంత చెప్పినా తక్కువే. స్ప్రే చేదు గొంతులోకి దిగాక గుటక పడనట్టుంటుంది, ఊపిరాడదేమోనని భయపడతారు. ఊపిరికి అడ్డేమీ ఉండదు. 5–10 నిమిషాలాగి, కూర్చోబెట్టే, సుమారు 3–4 మిల్లీమీటర్ల మందమున్న మెత్తని గొట్టాన్ని వీలున్న ముక్కు రంధ్రంలోంచి పంపుతాం. ముక్కుతో గాలి పీల్చమంటే అంగిలి వెనక దారి తెరుచుకుంటుంది. "ఈ..." అని సాగదీయమంటే స్వరతంత్రులు దగ్గరికొస్తాయి, ఏది సరిగ్గా కదలడం లేదో అప్పుడే తెలుస్తుంది. మామూలుగా రెండు మూడు నిమిషాల పని. కళ్లలో నీళ్లు, తుమ్ములు మామూలే. తల విదిలిస్తే గొట్టం ముక్కు గోడకు ఒరుసుకుని రక్తం రావచ్చు. అక్క వెనక నిలబడి తల పట్టుకున్నది అందుకే.

కడుపు ఎండోస్కోపీ అనుకుని పస్తుతో వచ్చినవాళ్లకు ఇడ్లీ పెట్టించిన పెద్దాయనకు నమస్కారాలు. ఈ పరీక్షకు మామూలుగా పస్తుండక్కర్లేదు. కడుపు మాడ్చుకుంటే కళ్లు తిరిగేదే ఎక్కువ. రక్తం పలచబరిచే మాత్రలు, మందుల అలర్జీలు అడిగి చీటీ మీద రాసిన కాలేజీ పిల్లలూ, ఆ మాత్రలు ఎవరినీ సొంతంగా ఆపనీయకుండా మంచి పని చేశారు.

వరుసలో విసుక్కోకుండా కూర్చున్నవాళ్లకూ థ్యాంక్స్. ఒక్కొక్కరి తర్వాత స్కోపును కడిగి, క్రిముల్ని చంపే 0.55 శాతం ఓపీఏ ద్రావణంలో 12 నిమిషాలు ముంచి, మళ్లీ స్టెరైల్ నీళ్లతో కడగాలి. అందులో తొందర కుదరదు.

సాయంత్రానికి ముక్కులో రక్తం కనిపిస్తే ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. ఆగకపోతే ఆస్పత్రికి రండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటినవాళ్లు మేం రాసిచ్చిన తేదీ తప్పించుకోవద్దు.

మిట్టూరు తమ్ముడూ, నీ ఇన్వర్టర్ బడిలోనే ఉంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయించాం, వచ్చి తీసుకుపో.