పిల్లల చేతిలో ఉన్నది ఫిఫ్టీ కాదు

సంపాదకులకు నమస్కారం.

మన గోదావరి జిల్లాల్లో మోపెడ్‌ను ఫిఫ్టీ అనే పిలుస్తారు, అది సైకిలు కిందే లెక్క. పాల క్యాన్లు, గడ్డిమోపు, రొయ్యల చెరువుకు మేత బస్తా, దింపు తీసిన కొబ్బరికాయలు అన్నీ దాని మీదే పోతాయి. అందుకే తాళం తీసి తొమ్మిదో తరగతి పిల్లాడి చేతిలో పెట్టి "సెంటరు దాకా వెళ్ళి రారా" అనడానికి ఎవరూ వెనకాడరు. ఇదేమిటని అడిగితే "ఫిఫ్టీకి లైసెన్సు ఎందుకండీ?" అంటారు. ఆ నమ్మకం తప్పని ప్రతి ఊళ్ళోనూ గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి. ఇంజను 50 సీసీ మించని ద్విచక్ర వాహనానికి మాత్రం 16 చాలు. అప్పుడైనా లైసెన్సు ఉండాల్సిందే. 1980లో టీవీఎస్ 50 వచ్చినప్పుడు పేరూ ఇంజనూ ఒకటే. ఆ తర్వాతి ఎక్సెల్ సూపర్ ఇంజను దాదాపు 70 సీసీ. ఇప్పుడు ఊరూరా తిరుగుతున్న ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. ఇంజను రెట్టింపయినా నోటికి అలవాటైన పేరు మాత్రం మారలేదు. అనుమానం ఉంటే ఆర్‌సీ తీసి క్యూబిక్ కెపాసిటీ అన్న గడి చూడండి. అక్కడ 50 దాటితే పదహారేళ్ళ మినహాయింపు ఆ బండికి వర్తించదు.

2019 సవరణలో చేర్చిన 199ఏ సెక్షన్ చాలామందికి తెలియదు. మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులు గానీ బండి యజమాని గానీ దోషి అవుతారు. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తమకు తెలియకుండా తీసుకెళ్ళాడని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా పెద్దలదే. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే బీమా కంపెనీ పరిహారం ఇచ్చినా, దాన్ని యజమాని దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చు. ఒక చిన్న పనికి అర ఎకరం అమ్ముకునే పరిస్థితి వస్తుంది.

18 నిండాక దారి సులువే. ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళవచ్చు. ఈ లోపు బండికి ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ అక్షరం ఉండాలి, నేర్పేవారిని తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. పరీక్షకు మోపెడ్ తీసుకెళితే గేరు లేని బండి లైసెన్సే వస్తుంది. దాంతో గేరు బండి ఎక్కితే లైసెన్సు లేనట్టే. పరీక్షలో ఎక్కువమంది తప్పేది మలుపులో కాలు నేలకు ఆనించడం వల్ల. ముందు చక్రం కేసి చూస్తే కాలు దిగుతుంది. వెనక బ్రేకు కొద్దిగా పట్టి, యాక్సిలరేటరు సన్నగా ఉంచి, వెళ్ళాల్సిన చోటుకేసి చూస్తే దిగదు.

బ్యాటరీ బండ్ల సంగతి వేరు. మోటారు 250 వాట్ల కంటే, వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువగా ఉండి, పరీక్షా సంస్థ ఆమోదం ఉన్నదానికే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొన్నాక వేగం కట్టడి చేసే వైరు పీకేయిస్తే అదే క్షణంలో మినహాయింపు పోతుంది.

ఇక బండి నిలపడం. మన కాలువల వంతెనలు చాలావరకు మధ్యలో ఎత్తు, అటూ ఇటూ వాలు. అలాంటి వంతెన మీద, మలుపులో, బస్సు ఆగే చోట, ఆసుపత్రి గేటు ముందు బండి నిలపకూడదన్నది పాత నియమమే. మోపెడ్‌కి ఇంకో ప్రమాదం ఉంది. గేరు బండిని మొదటి గేరులో వదిలితే వాలులో కదలదు. మోపెడ్‌లో ఇంజను వేగం అందుకుంటేనే క్లచ్ పట్టి చక్రాన్ని ఇంజనుతో కలుపుతుంది, ఇంజను ఆపితే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. సైడు స్టాండు మీద ఉంటే కాస్త ముందుకు దొర్లగానే స్టాండు ముడుచుకుపోతుంది, బండి కాలువలోనో మనిషి మీదో పడుతుంది. గట్టు వాలులోనూ, గోదావరి దాటించే నరసాపురం-సఖినేటిపల్లి పంటు (బళ్ళను ఎక్కించుకునే పడవ) మీదా నడిమి స్టాండే వేయాలి. వానాకాలం నల్లమట్టిలో స్టాండు కింద ఒక పలక రాయి పెట్టాలి.

సైకిలుకు లైసెన్సు లేదు. ఒకప్పుడు మునిసిపాలిటీలు పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి, ఆ రోజులు పోయాయి. సైకిలుకు కావలసింది చోటు. చక్రం దూర్చే గాళ్ళ స్టాండు పెడితే పక్క సైకిలు వాలినప్పుడు రిమ్ము వంకరపోతుంది. తిరగేసిన యు ఆకారపు పైపు, నేల నుంచి ముప్పాతిక మీటరు ఎత్తు, ఒకదానికొకటి మీటరు ఎడం ఉంటే చాలు. ఒక్కో పైపుకు అటొకటి ఇటొకటి రెండు సైకిళ్ళు, ఫ్రేముకే గొలుసు. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా జింకు పూత ఉన్న పైపు వాడాలి. బస్‌స్టాండు, రైతుబజారు, బడి గేటు పక్కన పంచాయతీలే ఇవి పెట్టవచ్చు.

అన్నిటికంటే భయపెట్టేది సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ) వరి కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోత. సగం రోడ్డు వడ్లు, అంచున తెల్లసున్నం కూడా వేయని రాళ్ళు. రాత్రి లైటు లేని సైకిలుకు ఆ రాళ్ళు కనబడవు. తారు మీద చెదిరిన గింజలు గోళీల్లా దొర్లుతాయి, వాటి మీద ముందు బ్రేకు పట్టినవాడు పడకుండా నిలవడం కష్టం. గింజలు కనబడితే ముందే వేగం తగ్గించి, హ్యాండిలు తిప్పకుండా నేరుగా దాటాలి. రైతుకు కళ్ళాల చోటు చూపకుండా రోడ్డు ఖాళీ చేయమంటే లాభం లేదు. ప్రతి పంచాయతీ కోతలకు ముందే ఒక ఖాళీ స్థలం గుర్తించి ఆరబోతకు ఇవ్వాలి. అది కుదిరేదాకా కనీసం వంతెన దిగుడూ మలుపూ వదిలేసి, రాళ్ళకు బదులు రిఫ్లెక్టరు టేపు చుట్టిన ఖాళీ డబ్బాలు పెట్టించాలి.

ఇట్లు,
ద్విచక్ర వాహనాల మెకానిక్కు,
అమలాపురం.