అడగడానికి కట్టే ఫీజు దండగ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

బాలానగర్‌లో ఇరవై ఆరేళ్లుగా లేత్ షాపు నడుపుతున్నాను. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీను, నలుగురు పనివాళ్లు. చేతి నిండా పని ఉండేది, నెలాఖరుకు చేతిలో డబ్బు ఉండేది కాదు. కరెంటు బిల్లు వల్లనో, పోటీ వల్లనో అనుకునేవాణ్ణి. నిరుడు మా బావమరిది పోరు పడలేక, తయారీకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే, రిటైరైన ఒక కాస్ట్ అకౌంటెంట్ గారిని షాపుకు పిలిచాను. రెండు పూటలకు ఆరు వేలు. ‘మన పని గురించి బయటివాళ్లు చెప్పేదేముంటుంది’ అని ఇంట్లో అన్నారు. నా మనసులోనూ అదే ఉంది.

ఆయన ముందు లెక్కల పుస్తకం అడగలేదు. లేత్ పక్కన స్టూలు వేసుకుని, చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. మావాడు గన్‌మెటల్ బుష్ (ఇరుసు తిరిగేందుకు వేసే లోహపు గొట్టం) చేస్తున్నాడు. కోతకు 22 నిమిషాలు. చక్‌లో బిగించి సెంటర్ చూసుకోవడం, బోరింగ్ బార్ వెతకడం, పక్క మెషీను దగ్గర్నుంచి కొలత చూసే మైక్రోమీటర్ తెచ్చుకోవడం, అంతా కలిపి ఇంకో 14 నిమిషాలు. గంటకు 300 లెక్కన నేను తీసుకుంటున్నది కోతకు మాత్రమే, 110 రూపాయలు. మెషీను ఆ పనికి కట్టుబడింది 36 నిమిషాలు. రావలసింది 180. ప్రతి బుష్‌కూ 70 రూపాయలు పోగొట్టుకుంటూ, ఆ లేత్ పక్కనే ఇన్నేళ్లూ నిలబడ్డాను.

ఇంకో మైక్రోమీటర్ కొన్నాం. టూల్స్‌కు మెషీను పక్కనే అర కొట్టించాం. రేటు సవరించాం. ఇద్దరు పార్టీలు వెళ్లిపోయారు, మిగతావాళ్లు మాతోనే ఉన్నారు.

మాకు రావలసిన బాకీల సంగతి కూడా ఆయనే కదిపి మా ఆడిటర్ దగ్గరకు పంపారు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా మాలాంటి యూనిట్లకు డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టంలో ఉందట. గడువు దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. మాలాంటి యూనిట్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. నేను చేయించుకోలేదు. రిజిస్ట్రేషన్‌కు ముందు వేసిన బిల్లులకు ఈ హక్కు అడగడం కష్టమని ఆడిటర్ అనగానే, ఎనిమిది నెలలుగా నానుతున్న 1,84,000 గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్లుగా రిటర్నులు వేసినందుకు ఆయనకు ఫీజు కడుతున్నాను. ఒక్క గంట కూర్చుని ‘నా వ్యాపారం ఎలా ఉంది’ అని అడిగిన పాపాన పోలేదు. మా వీధిలో చాలామందిది ఇదే పరిస్థితి.

యూనిట్ దెబ్బతిన్నాక ఆదుకోవడానికి మన రాష్ట్రంలో ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ ఉంది. అంతదాకా రాకముందే నాడి చూసేవాళ్లు కావాలి. జిల్లా పరిశ్రమల కేంద్రం వారు నెలకో శనివారం ఒక కాస్ట్ అకౌంటెంటునీ, ఒక ఆడిటర్‌నీ మా పారిశ్రామికవాడకు పంపాలని కోరుతున్నాను. ఉచితంగా వద్దు, సగం ఫీజు మేమే కట్టుకుంటాం. వచ్చేవాళ్లు మాత్రం షాపు లోపలికి వచ్చి, మెషీను పక్కన ఒక పూట కూర్చోవాలి.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
బాలానగర్, హైదరాబాద్