పెద్దాసుపత్రి ఎదుట శివాలయంలో రోగుల బంధువులకు వసతి, పథ్యపు వంటశాల: విరాళాల విజ్ఞప్తి

శివభక్తులకు, దాతలకు, ఆసుపత్రి వరండాలో ఒక్క రాత్రయినా గడిపిన ప్రతి కుటుంబానికీ ఆలయ కమిటీ నమస్కారాలు.

మన గుడికీ పెద్దాసుపత్రికీ నడుమ ఉన్నది ఒక్క రోడ్డే. తెల్లవారుజామున తలుపులు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవారిలో చాలామంది పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి రోగులను వెంటబెట్టుకుని వచ్చినవారే. వార్డులో రోగి దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు కనుక మిగిలినవారు పగలు చెట్ల కింద, రాత్రి మన ముఖమండపంలో తలదాచుకుంటున్నారు. గోత్రనామాలు చెప్పి అభిషేకం చేయించేటప్పుడు వారి గొంతు వణకడం అర్చకస్వామి రోజూ వింటున్నదే. వారికి నడుం వాల్చే చోటు, వేళకు ఇంత అన్నం, మనసులోని భయాన్ని ఓపికగా వినే మనిషి కూడా కావాలని గ్రహించడంలో మేము ఆలస్యం చేశాము, అందుకు చింతిస్తున్నాము.

ఇది గుడికి కొత్త పని కాదు. మన గుంటూరు జిల్లాలోనే మల్కాపురంలో ఉన్న 1261 నాటి శాసనాన్ని బట్టి, రుద్రమదేవి కాలంలో గోళకీ మఠమనే శైవ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులు తమకు దానంగా లభించిన గ్రామాదాయంలో నుంచి ఆలయానికి, మఠానికే కాక ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడా భాగం ఏర్పాటు చేశారు. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే, కాంచీపురం దగ్గరి తిరుముక్కూడల్ విష్ణ్వాలయానికి అనుబంధంగా 15 పడకల వైద్యశాల నడిచినట్లు చోళుల శాసనం చెబుతోంది. పురిటికి వచ్చిన స్త్రీకి చోటు చూపడం కూడా శివారాధనే అనుకున్న ఆ ఆచార్యుల దారిలో మన వంతుగా నాలుగడుగులు వేయాలన్నదే మా సంకల్పం.

ఒక విషయం స్పష్టంగా చెప్పవలసి ఉంది. మందు మానేసి మొక్కుకోమని ఈ గుడిలో ఎవరూ చెప్పరు, చెప్పనివ్వము. గుండె బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మందిపై అమెరికాలో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, ముఖపరిచయం లేనివారు దూరం నుంచి చేసిన ప్రార్థనల వల్ల శస్త్రచికిత్స తర్వాతి చిక్కులు తగ్గలేదని తేలింది. ఆ ఫలితం మా నమ్మకాన్ని సడలించలేదు. ప్రార్థన ఆపరేషన్‌కు పూచీకత్తు అని మేము ఏనాడూ అనుకోలేదు. భయపడిన మనిషికి అది తోడు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను (అవసాన దశలోని రోగులను చూసుకునే ఆసుపత్రిని) స్థాపించిన డాక్టర్ సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో శరీర బాధతో పాటు మనోవ్యథ, కుటుంబ చింత, ఆత్మవేదన కూడా కలిసి ఉంటాయని, వైద్యం వాటన్నింటినీ పట్టించుకోవాలని బోధించారు.

ఆ ఆత్మవేదన ఎలా ఉంటుందో మేము కళ్లారా చూశాము. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఒక తల్లి చికిత్స మధ్యలో ఆపేసి, ఏ జన్మలో ఏ పాపం చేశానో, పరిహారానికి ఎంతవుతుందని అడగడానికి వచ్చింది. అర్చకస్వామి ఆమె దగ్గర దక్షిణ తీసుకోలేదు. జబ్బు శిక్ష కాదమ్మా అని చెప్పి, గంటసేపు ఆమె మాటలు విని, విభూతి పెట్టి, భర్తను తోడిచ్చి తిరిగి వార్డుకు పంపారు. పాపభీతి పెంచే భక్తి రోగికి ఎంత చేటు చేస్తుందో ఆ రోజు మాకు అర్థమైంది.

అప్పటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాము. ఆపరేషన్‌కు ముందు ఏమీ తాగకూడదన్న రోగికి, నీటి కొలత ఉన్న డయాలసిస్ రోగికి తీర్థం పంపము. మధుమేహం ఉన్నవారికి చక్కెర పొంగలి పంపము. ఐసీయూలోకి విభూతి గాని, పూలు గాని తీసుకువెళ్లవద్దని బంధువులకు చెబుతున్నాము. ఇన్సులిన్ వేసుకునేవారు ఉపవాసం మొక్కుకుంటే, ముందు డాక్టర్‌ను అడిగి రమ్మంటున్నాము.

ఇప్పుడు తలపెట్టినది కల్యాణమండపం పై అంతస్తులో 20 మంచాల వసతి గది, స్త్రీలకు వేరుగా స్నానాల గదులు, తాళం వేసుకునే అలమరాలు. కింద, ఉప్పు, నూనె తగ్గించి జావ, మెత్తటి అన్నం, పప్పుకట్టు వండే పథ్యపు వంటశాల ఉంటుంది. పక్కనే విగ్రహం, పటం ఏవీ లేని చిన్న మౌన మందిరం కడతాము. రోగి బంధువు ముస్లిం అయినా, క్రైస్తవుడైనా అక్కడ కూర్చుని తన దైవాన్ని తలచుకోవచ్చు. దీనిపై కమిటీలో చర్చ జరిగింది. చివరకు ఏకగ్రీవంగా నిర్ణయించాము.

మొత్తం అంచనా రూ.24 లక్షలు. హుండీ మిగులులో నుంచి రూ.7 లక్షలు కేటాయించాము, మిగిలిన రూ.17 లక్షలకు దాతల చేయూత కోరుతున్నాము. ఒక మంచం, పరుపు, అలమరాకు రూ.9,000, ఒక రోజు పథ్య భోజనానికి రూ.3,500 అవుతాయి. పుట్టినరోజున గాని, పెద్దల తిథినాడు గాని ఒక రోజు భోజనం మీ పేరున జరిపించవచ్చు. పది రూపాయలిచ్చినా రసీదు ఇస్తాము. ప్రతి నెలా జమాఖర్చులు ధ్వజస్తంభం పక్కనున్న బోర్డుపై అంటిస్తాము. విరాళాలను ఆలయ కార్యాలయంలో ఉదయం 7 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు స్వీకరిస్తాము.

కార్తిక మాసం నాటికి కనీసం పది మంచాలైనా వేయాలని సంకల్పం. డబ్బు ఇవ్వలేనివారు వారానికి రెండు గంటల సమయం ఇవ్వవచ్చు: చదువు రానివారికి ఓపీ చీటీ రాసిపెట్టడం, మందుల వేళలు చదివి చెప్పడం, వారి పక్కన కూర్చోవడం మాకు ఎంతో అవసరం. వాడిన దుప్పట్లు, పరుపులు మాత్రం దయచేసి తీసుకురావద్దు. రోగుల దగ్గర మెలిగేవారికి ఇచ్చేవి కొత్తవై ఉండాలి.